డైటెటిక్ టెక్నీషియన్ కావాలంటే: దారి ఎంచుకోవడం నుంచి రిజిస్ట్రేషన్ దాకా

అమెరికాలో ఆసుపత్రుల్లోనూ వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోనూ రోగి ఏం తినాలో డైటీషియన్ నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం ట్రేలోకి సరిగ్గా వచ్చిందా, వచ్చినదాన్ని రోగి తిన్నాడా, తినకపోతే ఎందుకు తినలేదు అన్నది చూసేది డైటెటిక్ టెక్నీషియన్. కొత్తగా చేరిన రోగుల్లో పోషకాహార లోపం ముప్పు ఎవరికుందో వడపోయడం, బరువు తగ్గుదల లెక్కించడం, ఆహార అలవాట్లు అడిగి రాసుకోవడం, అలర్జీలు సరిచూడటం, సాధారణ విషయాల్లో రోగికి ఆహార పాఠం చెప్పడం, వంటశాలలో భద్రతా ప్రమాణాలు గమనించడం ఈ ఉద్యోగంలో రోజూ ఉండే పనులు. పోషకాహార సమస్యను నిర్ధారించి చికిత్స ప్రణాళిక రాసే అధికారం మాత్రం రిజిస్టర్డ్ డైటీషియన్‌దే. టెక్నీషియన్ వారి పర్యవేక్షణలో పనిచేస్తారు. ఈ గీత ఎక్కడుందో తెలియకుండా చదువు మొదలుపెట్టిన వాళ్లు తర్వాత నిరాశపడతారు, అందుకే ముందే చెబుతున్నాం.

ఈ రంగంలో గుర్తింపు ఉన్న హోదా పేరు డీటీఆర్, అంటే డైటెటిక్ టెక్నీషియన్, రిజిస్టర్డ్. దీన్నే ఎన్‌డీటీఆర్ అని కూడా రాసుకోవచ్చు, రెండింటి విలువా ఒకటే. దీన్ని ఇచ్చేది కమిషన్ ఆన్ డైటెటిక్ రిజిస్ట్రేషన్, పొట్టిగా సీడీఆర్. చదువు చెప్పే కార్యక్రమాలకు గుర్తింపు ఇచ్చేది వేరే సంస్థ, దాని పేరు ఏసెండ్. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. ఏ కోర్సు ప్రకటన చూసినా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది పూర్తిచేస్తే సీడీఆర్ పరీక్ష రాయనిస్తారా?

మొదటి మెట్టు: మీ దారి ఏదో తేల్చుకోండి

పరీక్షకు అర్హత మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, ఏసెండ్ గుర్తింపు ఉన్న టెక్నీషియన్ కార్యక్రమంలో చేరి అసోసియేట్ డిగ్రీ పూర్తిచేయడం. ఇవి ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. పూర్తి సమయం చదివితే రెండేళ్లు. తరగతులతో పాటు పర్యవేక్షణలో కనీసం 450 గంటల క్షేత్రశిక్షణ ఇందులోనే కలిసి ఉంటుంది.

రెండోది, ఇప్పటికే వేరే సబ్జెక్టులో బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవాళ్లది. వాళ్లు అదే టెక్నీషియన్ కార్యక్రమంలో చేరి, డైటెటిక్స్ సబ్జెక్టులూ శిక్షణ గంటలూ పూర్తిచేస్తారు. జనరల్ సబ్జెక్టులకు క్రెడిట్లు బదిలీ అవుతాయి కాబట్టి కాలం కొంత తగ్గుతుంది.

మూడోది, బ్యాచిలర్ డిగ్రీతో పాటు ఏసెండ్ గుర్తింపు ఉన్న డైటెటిక్స్ సిద్ధాంత కార్యక్రమం పూర్తిచేసినవాళ్లది. డైటీషియన్ కావాలని చదివి, ఇంటర్న్‌షిప్‌కి వెళ్లలేకపోయిన చాలామంది ఈ దారిలో వస్తారు. వీళ్లు విడిగా టెక్నీషియన్ శిక్షణ గంటలు చేయకుండానే పరీక్ష రాయవచ్చు. సౌలభ్యం ఉంది కానీ లోటూ ఉంది. ట్రే లైన్ (వంటశాలలో రోగుల ట్రేలు వరుసగా నింపే చోటు) దగ్గర నిలబడని, రోగి చార్ట్ తెరిచి చూడని మనిషి పరీక్ష గట్టెక్కినా మొదటి ఉద్యోగంలో తడబడతాడు. ఈ దారిలో వచ్చేవాళ్లు చదువుకుంటూనే ఆసుపత్రి వంటశాలలో పార్ట్‌టైమ్‌గా డైట్ ఎయిడ్ ఉద్యోగం చేయాలని గట్టిగా చెబుతున్నాం.

అమెరికా బయట డిగ్రీ చదివినవాళ్లు ముందుగా సీడీఆర్, ఏసెండ్ ఒప్పుకునే మూల్యాంకన సంస్థతో డిగ్రీ సమానత్వ నివేదిక తెప్పించుకోవాలి. డిగ్రీ మొత్తానికి ఒక్క వాక్యంలో ఇచ్చే నివేదిక చాలదు, సబ్జెక్టు వారీ నివేదిక అడగండి. దాన్ని పట్టుకుని సిద్ధాంత కార్యక్రమం డైరెక్టర్ దగ్గరికి వెళితే, ఏ సబ్జెక్టులు లెక్కలోకి వస్తాయి, ఏవి మళ్లీ చదవాలి అని రాతపూర్వకంగా చెబుతారు. పోషకాహారంలో మాస్టర్స్ ఉన్నా సరే, ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్, మెడికల్ న్యూట్రిషన్ థెరపీ లాంటివి మళ్లీ చదవాల్సి రావచ్చు. నివేదిక చేతికి రాకముందే ఫీజు కట్టకండి.

ఎప్పటికైనా డైటీషియన్ కావాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి. 2024 జనవరి 1 నుంచి డైటీషియన్ పరీక్షకు కనీసం మాస్టర్స్ స్థాయి డిగ్రీ తప్పనిసరి అయింది. అసోసియేట్ డిగ్రీ దారిలో వెళ్లి తర్వాత పైకి చదవాలంటే, కాలేజీలో చేరే ముందే ఆ క్రెడిట్లను దగ్గర్లోని విశ్వవిద్యాలయం తీసుకుంటుందో లేదో ఒప్పంద పత్రం చూసి తెలుసుకోండి. కౌన్సెలర్ నోటిమాట మీద ఆధారపడవద్దు.

రెండో మెట్టు: కాలేజీని పరీక్షించండి

ఏసెండ్ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కార్యక్రమాల జాబితా ఉంటుంది. టెక్నీషియన్ కార్యక్రమాలు డైటీషియన్ కార్యక్రమాలతో పోలిస్తే చాలా తక్కువ, కొన్ని రాష్ట్రాల్లో ఒక్కటీ ఉండదు. అందుకే కొన్ని కాలేజీలు తరగతులు ఆన్‌లైన్‌లో పెట్టి, శిక్షణ గంటలు విద్యార్థి ఉన్న ఊళ్లోనే చేయనిస్తాయి. న్యూట్రిషన్ సర్టిఫికెట్, హెల్త్ కోచ్, న్యూట్రిషనిస్ట్ డిప్లొమా పేర్లతో కనిపించేవి ఈ జాబితాలో లేకపోతే వాటితో పరీక్షకు అర్హత రాదు, అవి ఎంత మంచి కోర్సులైనా.

డైరెక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి. గుర్తింపు గడువు ఎప్పటిదాకా ఉంది? చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేస్తున్నారు? పరీక్ష రాసిన ఏడాదిలోపు ఎంతమంది గట్టెక్కుతున్నారు? శిక్షణ స్థలాలను కాలేజీ చూపిస్తుందా, మేమే వెతుక్కోవాలా? పాత సైన్స్ సబ్జెక్టుల క్రెడిట్లకు కాలపరిమితి ఉందా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ చాలామందిని ముంచేది అదే. పదేళ్ల కిందటి కెమిస్ట్రీని, అనాటమీని చాలా కాలేజీలు ఒప్పుకోవు.

చేరడానికి కావలసినవి మామూలే: హైస్కూల్ డిప్లొమా లేదా దానికి సమానమైనది, గణితంలోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రవేశస్థాయి. కెమిస్ట్రీ, అనాటమీ ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే పూర్తిచేసుకుంటే మొదటి సెమిస్టర్ తేలికవుతుంది.

మూడో మెట్టు: తరగతిలో చేతికి రావాల్సిన లెక్కలు

న్యూట్రిషన్ సిద్ధాంతం పుస్తకం చదివితే వస్తుంది. లెక్కలు మాత్రం చేస్తేనే వస్తాయి. ఉద్యోగంలో రోజూ వాడేవి కొన్నే, వాటిని కాగితం మీద రాసుకోకుండా చేయగలిగేదాకా సాధన చేయండి.

మొదటిది బరువు తగ్గుదల శాతం. పాత బరువులోంచి ఇప్పటి బరువు తీసేసి, వచ్చినదాన్ని పాత బరువుతో భాగించి, 100తో గుణించాలి. నెలలో 5 శాతం, 3 నెలల్లో 7.5 శాతం, 6 నెలల్లో 10 శాతం అన్నవి సంరక్షణ కేంద్రాల్లో అందరూ చూసే హద్దులు. విద్యార్థులు చేసే పొరపాటు ఇప్పటి బరువుతో భాగించడం. 168 పౌండ్ల మనిషి నెలలో 160కి వచ్చాడనుకోండి. సరైన లెక్క 8 ని 168తో భాగిస్తే 4.8 శాతం. 160తో భాగిస్తే సరిగ్గా 5 వస్తుంది, దాంతో హద్దు తాకని మనిషి హద్దు తాకినట్టు రికార్డులోకి ఎక్కుతాడు.

రెండోది శక్తి అవసరం. మిఫ్లిన్ సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి కలపాలి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయాలి. పురుషులకైతే 5 కలపాలి, స్త్రీలకైతే 161 తీసేయాలి. వచ్చేది విశ్రాంతిలో ఖర్చయ్యే కాలరీలు. ఇక్కడ తప్పంతా పౌండ్లను అలాగే వేయడంలో జరుగుతుంది. 2.2తో భాగించి కిలోలు చేయడం, అంగుళాలను 2.54తో గుణించి సెంటీమీటర్లు చేయడం మీకు అలవాటైపోవాలి.

మూడోది వంటశాల లెక్క. వంద మందికి తలా 3 ఔన్సుల వండిన చికెన్ కావాలి. మొత్తం 300 ఔన్సులు, అంటే 18.75 పౌండ్లు. వండాక 75 శాతమే మిగులుతుందనుకుంటే 18.75 ని 0.75తో భాగించి 25 పౌండ్లు కొనాలి. భాగించాల్సిన చోట గుణించి 14 పౌండ్లు తెప్పిస్తే, వండాక 56 మందికే సరిపోతుంది. మిగతా 44 మందికి భోజనం వేళలో ఏం పెట్టాలో తెలియక వంటశాల పరుగులు పెడుతుంది. వచ్చిన సంఖ్య కొనే బరువు కాబట్టి తినే బరువు కంటే ఎక్కువ ఉండాలి కదా అని ఒక్కసారి చూసుకుంటే ఈ తప్పు జరగదు.

స్కూపుల సంఖ్యలు కూడా నేర్చుకోండి. స్కూప్ మీద ఉన్న అంకె, ఒక క్వార్ట్‌లో, అంటే నాలుగు కప్పుల్లో, అలాంటి స్కూపులు ఎన్ని పడతాయో చెబుతుంది. 8 నంబరు స్కూప్ అరకప్పు, 16 నంబరు పావుకప్పు. అంకె పెరిగితే పరిమాణం తగ్గుతుంది. కార్బోహైడ్రేట్ లెక్కించి పెట్టే డయాబెటిస్ ట్రేలో 16 బదులు 8 వాడితే ఆ పదార్థం రెట్టింపు పడిపోతుంది. డైట్ ఆర్డర్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

నాలుగో మెట్టు: శిక్షణ మొదలయ్యేలోపు కాగితాలు

ఆసుపత్రి లోపలికి విద్యార్థిని రానివ్వాలంటే నేరచరిత్ర తనిఖీ, మత్తుపదార్థాల పరీక్ష, క్షయ పరీక్ష, మీజిల్స్ మంప్స్ రుబెల్లా, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి, ఫ్లూ టీకాల రుజువులు సాధారణంగా అడుగుతారు. హెపటైటిస్ బి మూడు డోసుల పద్ధతిలో ఆరు నెలలు పడుతుంది కాబట్టి దాన్ని మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. చిన్నప్పటి టీకా రికార్డులు దొరకనివాళ్లు రక్తపరీక్షతో యాంటీబాడీలు చూపించవచ్చు. 1996 నాటి హిపా చట్టం ప్రకారం రోగి సమాచార గోప్యత శిక్షణ కూడా ఉంటుంది. లిఫ్టులో రోగి పేరు ఎత్తడం, చార్ట్ ఫొటో తీసుకోవడం వల్ల శిక్షణ అక్కడితో ఆగిపోతుంది. ఇందులో రెండో అవకాశం ఆశించవద్దు.

మీ శిక్షకులను, అంటే ప్రిసెప్టర్లను మీరే వెతుక్కోవాల్సిన కార్యక్రమమైతే, శిక్షణకు ఆరు నెలల ముందే అడగడం మొదలుపెట్టండి. డైటీషియన్ సరే అన్నా, కాలేజీకీ ఆసుపత్రికీ మధ్య ఒప్పందం న్యాయవిభాగం దాటి రావాలి. ఆలస్యం ఎప్పుడూ అక్కడే. మీరు పంపే ఉత్తరంలో మీకు ఎన్ని గంటలు కావాలి, ఏ తేదీల మధ్య, వారానికి ఏ రోజులు, ఏ నైపుణ్యాలు నేర్చుకోవాలి అన్నవి ఒక పేజీలో ఉండాలి. వారానికి 16 గంటలైతే 450 గంటలకు 28 వారాలకు పైగా పడుతుంది, 32 గంటలైతే 14 వారాలు దాటుతుంది. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఐదో మెట్టు: క్షేత్రశిక్షణలో అసలు విద్య

టెక్నీషియన్‌ని తయారుచేసేది ఈ 450 గంటలే. వైద్యపరమైన పని, వంటశాల నిర్వహణ, సమాజ పోషణ అని మూడు భాగాలుగా ఉంటుంది. ఎక్కువమంది మొదటిదాన్నే అసలు పనిగా భావించి రెండోదాన్ని భరిస్తారు. ఇది పొరపాటు. పరీక్షలోనూ ఉద్యోగంలోనూ వంటశాల వాటా పెద్దదే.

వార్డులో మొదట నేర్చుకునేది స్క్రీనింగ్. పెద్దవాళ్లకు ఎక్కువగా వాడే ఎంఎస్‌టీ అనే పద్ధతిలో రెండే విషయాలు అడుగుతారు: ప్రయత్నించకుండానే బరువు తగ్గారా, ఆకలి లేక తక్కువ తింటున్నారా. తగ్గిన బరువును బట్టి మార్కులు, ఆకలి లేకపోతే ఇంకో మార్కు. మొత్తం 2 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ముప్పు ఉన్నట్టు, డైటీషియన్‌కి కబురు వెళ్లాలి. బరువు తగ్గిందో లేదో తెలియదు అని రోగి చెబితే దానికి 2 మార్కులు. విద్యార్థులు ఇక్కడ సున్నా వేసేస్తుంటారు. తెలియదు అన్న జవాబు తగ్గలేదు అన్న జవాబు కాదు. బట్టలు వదులయ్యాయా, బెల్టు కొత్త రంధ్రానికి వచ్చిందా అని అడిగితే చాలాసార్లు నిజం బయటికి వస్తుంది.

బరువు తీసుకోవడం పనిమనిషి పని అనుకోకండి. చక్రాల కుర్చీ బరువు తీసేయలేదు, ఒకసారి బూట్లతో మరోసారి లేకుండా తూచారు, కాళ్ల వాపు నీరు దిగిపోయింది, డయాలసిస్‌కి ముందు తూచిన బరువును తర్వాతి బరువుతో పోల్చారు: అనుమానాస్పద బరువుల వెనుక కారణాలు సాధారణంగా ఇవే. వారంలో పది పౌండ్ల తేడా కనిపిస్తే రాసే ముందు మళ్లీ తూయించండి.

ఆహార అలవాట్లు అడిగేటప్పుడు జవాబు ప్రశ్నలోనే పెట్టేయకండి. ‘పొద్దున టిఫిన్ ఏం చేశారు?’ అని అడిగితే చేయనివాళ్లు కూడా ఏదో ఒకటి చెబుతారు. ‘నిన్న నిద్రలేచాక మొదట ఏం తిన్నారు, లేదా తాగారు?’ అని అడగండి. పరిమాణం దగ్గరికి వచ్చేసరికి కప్పు, చెంచా, పిడికిలి చూపించి అడగాలి. మందులతో పాటు సప్లిమెంట్లు, మూలికలు కూడా అడిగి రాయాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు మానేయాల్సిన పనిలేదు, విటమిన్ కె రోజూ ఒకే మోతాదులో ఉండేలా చూసుకోవాలి. ఇలాంటి విషయం మీరు విద్యార్థిగా రోగికి చెప్పే ముందు ప్రిసెప్టర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

తరవాతది కాలరీ కౌంట్, అంటే మూడు రోజుల పాటు రోగి తిన్నదాన్ని లెక్కించడం. ఇది ఈ వృత్తిలో అతి విలువైన పని, అతి తరచుగా పాడయ్యే పని కూడా. ఒక ఉదాహరణ చూడండి. ట్రేలో 3 ఔన్సుల చికెన్, అరకప్పు బంగాళదుంప ముద్ద, ఒక కప్పు పాలు, అరకప్పు జ్యూస్, అరకప్పు పండ్ల ముక్కలు ఉన్నాయి. ప్రోటీన్ లెక్క: చికెన్‌లో ఔన్సుకు 7 గ్రాముల చొప్పున 21, బంగాళదుంపలో సుమారు 3, పాలలో 8, మిగతావాటిలో దాదాపు ఏమీ లేదు. మొత్తం 32 గ్రాములు. రోగి జ్యూస్ తాగి, పండ్లు, బంగాళదుంప తిని, చికెన్, పాలు ముట్టలేదు. చూసినవాళ్లకు ట్రే సగం ఖాళీ అయినట్టే ఉంటుంది, 50 శాతం అని రాసేస్తారు. 50 శాతం అంటే 16 గ్రాముల ప్రోటీన్ తిన్నట్టు. నిజంగా తిన్నది 3 గ్రాములు. ఈ రాత నమ్మి డైటీషియన్ ఆరోజు సప్లిమెంట్ వద్దనుకుంటే, పుండు మానని రోగికి మరో రోజు వృథా.

అందుకే ఒక్కో పదార్థానికి విడిగా శాతం రాయాలి. ట్రే తీసేసేవాళ్లకు ముందే చెప్పి, గది తలుపు మీద గుర్తు పెట్టించి, రోగి పేరు, ఆహార వివరాలు ఉన్న టికెట్ ట్రే మీదే ఉంచమనాలి. ఇంటివాళ్లు తెచ్చినవి, మందులతో ఇచ్చిన సప్లిమెంట్, రాత్రి తిన్న చిరుతిండి ఎవరూ రాయరు, మీరే అడగాలి. పాలు రోగి తాగలేదా, లేక సిప్పర్ మూత తీయడం చేతకాక వదిలేశాడా అన్నది కూడా చూడండి. మూత తీసిపెట్టమని నర్సింగ్ సిబ్బందికి చెప్పడంతో తీరిపోయే సమస్యలు ఎన్నో ఉంటాయి.

మింగడంలో ఇబ్బంది ఉన్న రోగుల ఆహారానికి ఐడీడీఎస్ఐ కొలమానం 0 నుంచి 7 దాకా ఉంటుంది. ద్రవాలు 0 నుంచి 4, ఘనాహారం 3 నుంచి 7. ద్రవం చిక్కదనం కంటితో తేల్చేది కాదు. సున్నా గీత నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్ల పొడవున్న 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకుని, కింద వేలితో మూసి, 10 మిల్లీలీటర్లు నింపి, వేలు తీసి 10 సెకన్లు ఆగి మళ్లీ మూయాలి. లోపల 1 కంటే తక్కువ మిగిలితే 0వ స్థాయి, 1 నుంచి 4 మిగిలితే ఒకటి, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటి కొద్దిగానైనా కారితే మూడు, చుక్క కూడా కారకపోతే నాలుగు. ద్రవాన్ని చిక్కబరిచే పొడి కలిపిన వెంటనే పరీక్షిస్తే తప్పు చూపిస్తుంది, డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. చిక్కటి ద్రవాలు మాత్రమే ఇవ్వాల్సిన రోగి ట్రేలోకి ఐస్‌క్రీమ్, జెలటిన్ వచ్చేస్తుంటాయి. అవి నోట్లో కరిగి పలచని ద్రవం అవుతాయి, ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. ఐదో స్థాయి ఆహారంలో ముక్కలు పెద్దవాళ్లకు 4 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే ఫోర్కు పళ్ల మధ్య ఖాళీ అంత. ఆరో స్థాయికి ఒకటిన్నర సెంటీమీటరు.

వంటశాల భాగంలో ఉష్ణోగ్రతలు కంఠస్థం కావాలి. చల్లనివి 41 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి కింద, వేడివి 135కి పైన నిలవాలి. కోడిమాంసం లోపల 165, ఖైమా 155, చేప, ముక్కమాంసం 145 చేరాలి. వండినదాన్ని చల్లార్చేటప్పుడు 135 నుంచి 70కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 41కి మరో నాలుగు గంటల్లో రావాలి. లోతైన గిన్నెలో సూప్‌ని అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం రాత్రంతా గోరువెచ్చగానే ఉంటుంది. రెండు అంగుళాల లోతు పళ్లేల్లో పోయాలి, లేదా మంచునీళ్లలో ఉంచి కలుపుతూ ఉండాలి. థర్మామీటర్‌ని మంచునీళ్లలో పెట్టి 32 చూపిస్తోందో లేదో సరిచూడకుండా రాసిన లాగ్‌కి విలువ లేదు. అన్ని గళ్లలో ఒకే అంకె ఉన్న లాగ్ కనిపిస్తే, అది ఎవరో ఒకేసారి కూర్చుని నింపేసినదని తనిఖీకి వచ్చినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

అలర్జీల్లో అమెరికా చట్టం గుర్తించేవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, చెట్టుగింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 జనవరి 1 నుంచి నువ్వులు. ట్రే లైన్ చివర సరిచూసే పని మీకు అప్పగించినప్పుడు టికెట్‌ని పైనుంచి కిందికి చదివి, తర్వాత ట్రే వైపు చూడండి. ట్రే ముందు చూసి టికెట్‌తో సరిపోల్చితే కన్ను తనకు కావలసింది చూసేసుకుంటుంది.

సమాజ భాగం తల్లీపిల్లల పోషణకు ప్రభుత్వం నడిపే విక్ పథకం కేంద్రాల్లో, పాఠశాల భోజన పథకాల్లో, వృద్ధుల భోజన కార్యక్రమాల్లో ఉంటుంది. అక్కడ నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఒకటే, పది నిమిషాల్లో ఒకే విషయం చెప్పి, అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవడం.

రోజూ ఇంటికి వెళ్లే ముందు ఆరోజు గంటలు, చేసిన పని, ఏ నైపుణ్యం కింద వస్తుందో రాసి ప్రిసెప్టర్ సంతకం తీసుకోండి. నెల తర్వాత ప్రిసెప్టర్ ఉద్యోగం మారితే ఆ గంటలకు సాక్ష్యం ఉండదు.

ఆరో మెట్టు: పరీక్ష

కార్యక్రమం పూర్తికాగానే డైరెక్టర్ మీకు వెరిఫికేషన్ స్టేట్‌మెంట్ ఇస్తారు. ఇది డిగ్రీ పట్టా కంటే ముఖ్యం. సంతకం ఉన్న ప్రతులు ఒకటికి రెండు దాచుకోండి, ఎన్నేళ్ల తర్వాతైనా అడుగుతారు. డైరెక్టర్ మీ వివరాలను సీడీఆర్‌కి పంపాక, పరీక్ష అనుమతి వస్తుంది. పరీక్ష పియర్సన్ వ్యూ కేంద్రాల్లో కంప్యూటర్ మీద జరుగుతుంది. దరఖాస్తులో పేరు, మీ గుర్తింపు కార్డులో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనుక ఉంటే పరీక్ష రోజు గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ప్రశ్నలు కనీసం 110, గరిష్ఠంగా 130. వీటిలో 30 ప్రయోగాత్మకం, మార్కులకు లెక్కలోకి రావు, కానీ ఏవో మీకు తెలియదు. 1 నుంచి 50 దాకా ఉన్న కొలమానంలో 25 వస్తే గట్టెక్కినట్టు. ఒక ప్రశ్న వదిలి ముందుకు పోవడం, వెనక్కి వచ్చి జవాబు మార్చడం కుదరదు. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఇదే నియమం పెట్టుకోండి. తప్పితే 45 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు.

విషయాలు స్థూలంగా మూడు: వ్యక్తులకూ సమూహాలకూ పోషణ సంరక్షణ, ఆహారశాస్త్రం, ఆహార పోషణ సేవల నిర్వహణ. తప్పేవాళ్లలో చాలామంది మూడోదాన్ని వదిలేసినవాళ్లే. సిబ్బంది గంటల లెక్క, ఆహార ఖర్చు శాతం, కొనుగోలు, నిల్వ, సిబ్బందికి శిక్షణ, పరికరాల ఎంపిక ఇందులో వస్తాయి. వారానికి 40 గంటల లెక్కన ఒక పూర్తికాలపు ఉద్యోగి ఏడాదికి 2,080 గంటలు అన్నది గుర్తుంటే సగం లెక్కలు తేలిపోతాయి. పన్నెండు వారాల ప్రణాళిక వేసుకుంటే అందులో నాలుగు దీనికే ఇవ్వండి. సందర్భ ప్రశ్నల్లో టెక్నీషియన్ మొదట ఏం చేయాలి అని అడిగితే, జవాబు ఎక్కువగా సమాచారం సేకరించడం, పరిశీలించడం, లేదా డైటీషియన్‌కి తెలపడం వైపే ఉంటుంది. ప్రణాళిక తనంతట తాను మార్చేసే జవాబును అనుమానించండి.

ఏడో మెట్టు: ఉద్యోగం, రిజిస్ట్రేషన్ నిలుపుకోవడం

ఉద్యోగ ప్రకటనల్లో ఎప్పుడూ ఈ పేరే ఉండదు. డైట్ టెక్, న్యూట్రిషన్ అసిస్టెంట్, న్యూట్రిషన్ కేర్ టెక్నీషియన్ అని రకరకాలుగా వేస్తారు. అన్ని పేర్లతో వెతకండి. ప్రకటనలో డీటీఆర్ తప్పనిసరి అని ఉందా, ఉంటే మంచిది అని ఉందా చూడండి. రెండో రకంలో పని ఎక్కువగా మెనూ ఆర్డర్లు తీసుకోవడమే కావచ్చు. ఇంటర్వ్యూలో ‘ఒక టెక్నీషియన్ రోజుకు ఎన్ని స్క్రీనింగులు చేస్తారు, చార్ట్‌లో రాస్తారా, డైటీషియన్ వారంలో ఎన్ని రోజులు ఇక్కడ ఉంటారు?’ అని అడగండి. సంరక్షణ కేంద్రాల్లో డైటీషియన్ కన్సల్టెంట్‌గా వారానికి ఒకరోజే వచ్చే పరిస్థితి ఉంటుంది. అక్కడ నివాసితుల అంచనా పత్రంలో మింగడం, పోషణకు సంబంధించిన కె విభాగం నింపడం టెక్నీషియన్ చేతికి వస్తుంది. నేర్చుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. డైటీషియన్ లేని రోజున హద్దు దాటమని ఒత్తిడి వచ్చేది కూడా అక్కడే, కాబట్టి ఫోన్‌లో ఎవరిని అడగాలో మొదటి వారంలోనే రాయించుకోండి.

రాష్ట్ర లైసెన్సులు ఎక్కువగా డైటీషియన్లకే ఉంటాయి. మెయిన్ (Maine) లాంటి రాష్ట్రంలో టెక్నీషియన్లకూ ఉంది, కాబట్టి మీ రాష్ట్ర బోర్డు నియమం చూడండి.

రిజిస్ట్రేషన్ వచ్చాక ఏటా రుసుము కట్టాలి, ఐదేళ్లకోసారి 50 నిరంతర విద్యా యూనిట్లు పూర్తిచేయాలి. ఏడాదికి 10 చొప్పున చేసుకుంటే భారం తెలియదు. ధ్రువపత్రం చేతికి వచ్చిన రోజే సీడీఆర్ ఖాతాలో ఎక్కించండి, పత్రం కాపీని విడిగా దాచండి. తనిఖీకి ఎంపికైనప్పుడు అడిగేది ఆ కాపీనే.